ఒకటి, పేరు తెలియదు

వెంకటేశ్వరికి ఉన్న భయాల్లో అన్నిటికన్నా పెద్దది ఒక్కటే: తను మొదటిసారి కువైట్ వచ్చింది ఒకరింట్లో పనిమనిషిగా అని కూతురికి తెలిసిపోతుందని.

చిన్న భయాలకు లోటు లేదు. పిల్లకి ఒళ్లు కాస్త వెచ్చబడితే భయం. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమోనని భయం. స్కూలు బస్సు పది నిమిషాలు లేటయితే బాల్కనీలో నిలబడి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేసేది. కానీ అవి వచ్చి పోయే భయాలు. ఇది మాత్రం ఇంట్లో మనిషిలా కాపురం పెట్టేసింది.

రాజోలు దగ్గర పల్లెటూరి పిల్ల. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లింది. ఇరవై దాటాక ఏజెంటు ద్వారా కువైట్ వచ్చి, మూడేళ్లు ఒక పెద్దింట్లో గదులు తుడిచి, బట్టలు ఇస్త్రీ చేసి, తిరిగెళ్లి పెళ్లి చేసుకుంది. మొగుడు గంగరాజుకి ఇక్కడే ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. అలా రెండోసారి ఫ్యామిలీ వీసా మీద, చేతినిండా గాజులతో వచ్చి మంగఫ్‌లో కాపురం పెట్టింది. మొదటిసారి వచ్చిన పనిపిల్లని ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వచ్చాననుకుంది.

"కష్టపడి పని చేశావు, దొంగతనం చేశావేంటే?" అనేవాడు గంగరాజు.

"మీకు తెలీదు. మీరు ఊరుకోండి," అనేది.

స్కూలు గేటు దగ్గర కలిసే తల్లులతో మాత్రం అమలాపురంలో డిగ్రీ చేశానని చెప్పుకుంది. ఏ గ్రూపండీ అని ఎవరైనా అడిగేలోపే టిఫిన్ల మాటో, హోంవర్కు మాటో ఎత్తేసేది.

నవంబరు మొదట్లో స్కూలు నుంచి కాగితం వచ్చింది. కూతురు లక్ష్మీదుర్గ, ఇంట్లో అందరికీ చిట్టి, రెండో తరగతి. ఆ పిల్లే చదివి చెప్పింది. శనివారం పొద్దున జహ్రా అవతల చెరువుల దగ్గరికి పక్షుల్ని చూడ్డానికి తీసుకెళ్తారట. చలికాలం ముందు ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగుతాయట. పిల్లతో పాటు తల్లో తండ్రో ఒకరు రావాలట.

"నాకు శనివారం డ్యూటీ," అన్నాడు గంగరాజు. "నువ్వెళ్లు. పిట్టల్ని చూడ్డానికి ఇంగ్లీషెందుకే?"

వెళ్లింది. కుట్టుపని ఉన్న చుడీదారు వేసుకుని, కొత్త హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని మరీ వెళ్లింది.

బస్సులో పక్క సీటు హుమేరాది. రాయచోటి మనిషి, వాళ్లాయన మహబూలాలో బట్టల షాపులో చేస్తాడు. నోరు ఊరుకోదు. ముందు సీట్లో నాగదుర్గ. కాకినాడ ఇంజినీరు భార్య, బ్నీద్ అల్ గార్‌లో ఉంటుంది, సొంత బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని వచ్చింది.

"చూడక్కా," అంది హుమేరా, కిటికీలోంచి ఎగిరిపోతున్న గుంపుని చూపించి. "వీటికి ఇఖామా కార్డు లేదు, వీసా ఇచ్చే కఫీల్ లేడు. రావాలంటే వస్తాయి, పోవాలంటే పోతాయి. మా ఆయప్పకి లీవు కావాలంటే మూణ్ణెల్లు కాళ్లు పట్టుకోవల్ల."

బస్సంతా నవ్వింది. వెంకటేశ్వరి కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

చెరువుల దగ్గర వాళ్లని తిప్పి చూపించడానికి ఒక కువైటీ ఆవిడ వచ్చింది. నల్ల అబాయా, దాని కింద పరుగుల బూట్లు, తలగుడ్డ మీద టోపీ. పిల్లలకి తలా ఒక కాగితం ఇచ్చింది. కాగితం నిండా పక్షుల బొమ్మలు, ఒక్కోదాని పక్కన ఒక్కో గడి. ఆవిడ ఇంగ్లీషులో చెప్తుంటే టీచరు హిందీలో కూడా చెప్పింది. గట్టిగా మాట్లాడొద్దు. చెయ్యెత్తి చూపించొద్దు. చూసిన పక్షికి టిక్కు పెట్టాలి, చూడనిదానికి పెట్టకూడదు.

"పేరు తెలియని పక్షిని చూస్తే?" అనడిగాడు ఒక పిల్లాడు.

"సిగ్గుపడక్కర్లేదు. కింద ఖాళీ గీతలున్నాయి కదా. అక్కడ 'ఒకటి, పేరు తెలియదు' అని రాయండి. చూసినదాన్ని మాత్రం వదిలెయ్యకండి. లెక్క తప్పుతుంది," అంది ఆవిడ.

నడక మొదలైంది. ఒక పక్క ఇసుక, ఒక పక్క నిలువెత్తు రెల్లు, రెల్లు సందుల్లోంచి నీళ్లు. ఈ దేశంలో ఇన్ని మంచినీళ్లు ఒక్కచోట వెంకటేశ్వరి ఎప్పుడూ చూడలేదు. నీటిమీద నల్లగా, నుదుట తెల్లబొట్టు పెట్టుకున్నట్టున్న కోళ్లు ఈదుతున్నాయి.

"బొల్లికోళ్లు," అంది అప్రయత్నంగా.

చిట్టి తలెత్తి చూసింది. "నీకు తెలుసా అమ్మా?"

"ఆ గుండ్రంగా చిన్నదుందే, అది బుడుబుంగ. చూడు, ఇప్పుడు మునుగుతుంది." మునిగింది. "అదిగో, కర్ర మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది, నీటికాకి. మా వైపు రొయ్యల చెరువుల మీద పడితే..." అని నాలుక కరుచుకుంది. ఆ చెరువుల గట్ల మీద రేకు డబ్బా వాయించుకుంటూ వీటిని తోలడమే కదా షెడ్డు తర్వాత ఏడాది పాటు తన పని. రొయ్యకి పదుగురు తినేవాళ్లు, ఒక్క పిట్ట ఒక్క రొయ్య ఎత్తుకుపోయినా మేస్త్రి తిట్టేవాడు. ఇక్కడేమో వీటి నిద్ర చెడుతుందని గుసగుసలాడుతున్నారు.

నాగదుర్గ బైనాక్యులర్స్ దించి వెనక్కి తిరిగింది. "భలే చెప్తున్నారే! డిగ్రీలో జువాలజీయా మీది?"

"ఆ... అదేనండీ," అంది వెంకటేశ్వరి.

చిట్టి మొహం వెలిగిపోయింది. టిక్కుల మీద టిక్కులు పెడుతూ, పక్క పిల్లతో "మా అమ్మ జువాలజీ" అని చెప్పింది. ఆ మాట విన్నప్పుడు గర్వపడాల్సింది పోయి వెంకటేశ్వరికి చెమట పట్టింది.

ఇంకో రెండొందల అడుగులు వేశాక నీళ్లు వెడల్పయ్యాయి. దూరంగా గులాబీ రంగు చార ఒకటి. ఫ్లెమింగోలు. కువైటీ ఆవిడ భుజాన ఉన్న పెద్ద సంచీలోంచి టెలిస్కోపు తీసి, మూడు కాళ్లూ ఇసుకలో పాతి, కన్ను పెట్టి సరిచేసుకుని, తలెత్తి చూసింది. దగ్గర్లో ఉన్నది వెంకటేశ్వరి. ముందు నువ్వు చూడు అని పిలవాలనుకుంది పాపం. చెయ్యూపి, "తఆలీ!" అంది, ఇలా రా అని.

ఆ ఒక్క మాటకి తొమ్మిది పదేళ్లు వెనక్కి పోయాయి. వెంకటేశ్వరి ఆలోచించలేదు. ఒళ్లే పలికింది.

"హాజిర్ మామా!"

పలకడంతో ఆగలేదు. తల దించుకుని, చేతులు ముందు కట్టుకుని పరుగెత్తింది. వెళ్తూనే ఆవిడ భుజం మీది సంచీ అందుకుని తన భుజాన వేసుకుంది. అప్పుడు తెలిసింది తనేం చేసిందో.

కువైటీ ఆవిడ తెల్లబోయి, నవ్వి, "లా, లా," అంటూ సంచీ తీసేసుకుని, టెలిస్కోపు చూపించింది. వెంకటేశ్వరి కన్ను పెట్టింది. ఏమీ కనబడలేదు. గులాబీ రంగంతా నీళ్లలో కలిసిపోయి ఊగుతోంది.

వెనకాల చిట్టి గొంతు ఖంగుమంది. "అమ్మా, ఆవిడ మీ మమ్మీనా?"

పిల్లలు నవ్వారు. నాగదుర్గ మాత్రం నవ్వలేదు, కనుబొమలు ముడిచింది. "మామా అన్నారేంటండీ? మా ఇంటికి వచ్చే పనమ్మాయి నన్ను పిలుస్తుంది అలా."

"సరదాకన్నానండీ."

"అచ్చం అలాగే అన్నారు. చేతులు కూడా కట్టుకుని!"

"ఎవురు ఎట్ల పిలిస్తే ఏముంది లే," అంది హుమేరా, వెంకటేశ్వరి మోచెయ్యి పట్టుకుని. "నడూ అక్కా, నీడకి పోదాం. ఎండకి తల తిరిగినట్టుంది నీకు."

నీళ్ల అంచునే చెక్కలతో కట్టిన ఒక గది ఉంది. మనుషులు పక్షులకి కనబడకుండా, గోడలకున్న సన్నటి చీలికల్లోంచి చూడ్డానికి. లోపల పొడుగు బల్లలు. అందరూ వరసగా కూర్చుని చీలికలకి కళ్లు పెట్టారు. ఊపిరి తీస్తే వినబడేంత నిశ్శబ్దం.

కాసేపటికి తలుపు కిర్రుమంది. చెరువులు చూడ్డానికి వచ్చిన ఇంకో కువైటీ కుటుంబం. నల్లకళ్లద్దాల చిన్నావిడ, ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనకాల ఫ్లాస్కూ సంచీలూ మోసుకుంటూ పనిమనిషి యూనిఫాంలో ఒక పెద్దావిడ. కుడికాలు ఈడుస్తోంది. ఆ కాలికి గుడ్డపీలిక చుట్టి ఉంది, పైన మగవాళ్ల చెప్పు.

మొహం చూడకముందే, ఆ సంచీలు కింద పెట్టిన తీరు చూసి వెంకటేశ్వరి గుర్తుపట్టింది. చప్పుడు కాకుండా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెడుతుంది సూరాయమ్మ. సూరాయమ్మ పిన్ని.

వెంకటేశ్వరి పక్కూరి మనిషి, ఆ పెద్దింట్లో వంట ఆవిడదే. కొత్తగా వచ్చి, ఏం చెప్తున్నారో తెలియక ఏడుస్తూ కూర్చున్న పిల్లకి వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ అరబ్బీ నేర్పింది. "నాలుగు ముక్కలు చాలమ్మా. నఅం మామా అంటే అలాగేనమ్మగారూ అని. హాజిర్ మామా అంటే వచ్చేశానని. ఖలాస్ మామా అంటే పనైపోయిందని. ఏమీ తెలియకపోతే నవ్వు." వచ్చిన మూడో వారం వెంకటేశ్వరి చేతిలోంచి సాంబ్రాణి వేసే పెద్ద గాజు పాత్ర జారి ముక్కలైంది. ఇంటి యజమానురాలు పెద్ద మామా పరుగెత్తుకొచ్చేసరికి సూరాయమ్మ ముందుకెళ్లి నిలబడింది. "పొరపాటు నాదే మామా," అంది. ఆ రోజు ఆవిడ తిన్న తిట్లు వెంకటేశ్వరి గోడ వెనక నిలబడి వింది. తర్వాత జ్వరం వచ్చి పది రోజులు పడుకుంటే తల దువ్వింది కూడా ఆవిడే.

సూరాయమ్మ బల్లల వెంట చూసుకుంటూ వచ్చి, వెంకటేశ్వరి దగ్గర ఆగి వంగింది.

"ఈశ్వరీ? నువ్వేనా నా తల్లీ?" గుసగుసే, కానీ ఆ గదిలో అది అందరికీ వినబడే గుసగుస. "హాజిర్ మామా అన్న కేక గట్టు మీద విన్నాను. నేను నేర్పిన మాట నాకు తెలీదా!"

ఇటు పక్క చిట్టి. అటు పక్క నాగదుర్గ చీలిక వదిలేసి ఇటే చూస్తోంది.

"దేవుడే చూపించాడమ్మా నిన్ను," అంటోంది సూరాయమ్మ గబగబా, తన మామా వైపు ఒక కన్నేసి. "ఫోను బకెట్లో పడి రెండు నెలలైంది. నంబర్లన్నీ దాంట్లోనే పోయాయి. ఈ కొత్తింటి మామా మంచిదే, నా ఫోనులో మాట్లాడుకో అంటుంది. నంబరు నోటికొస్తే కదా నాకు! మా అమ్మాయి నేను పోయాననుకుంటుందే. మీ అమ్మకి చెప్తే మా ఇంటికెళ్లి కబురు చెప్తుంది కదా. నీ నంబరు ఒక్కటి ఎక్కడన్నా రాసియ్యి. ఈ కాలు చూడు, సుగరు పుండు, మాన..."

"మీరెవరో నాకు తెలీదండీ," అంది వెంకటేశ్వరి.

అన్నది తనేనా అనిపించింది. మూడేళ్లు ఏమే పిన్నీ, రావే పిన్నీ అని పిలిచిన నోటితో అండీ అంది.

సూరాయమ్మకి మొదట అర్థం కాలేదు. "ఈశ్వరమ్మా, నేనే..." అని ఇంకొంచెం వంగింది. వెంకటేశ్వరి మొహం తిప్పుకుని హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. ఫోను ఆ బ్యాగులోనే ఉంది.

అప్పుడు సూరాయమ్మ చూసింది. బ్యాగుని చూసింది, చుడీదారు చూసింది, నోరు తెరుచుకుని వింటున్న చిట్టిని చూసింది, పక్కన నాగదుర్గని చూసింది. చూసి నెమ్మదిగా నిటారుగా నిలబడింది.

"పొరపాటు నాదేనమ్మా," అంది అందరికీ వినబడేలా. "మా ఊరి పిల్లనుకున్నాను. కళ్లు సరిగా ఆనట్లేదు ఈ మధ్య." ఇంకో ముక్క చిన్నగా అంది. "మీ పాప చక్కగా ఉందండీ."

సంచీలు ఎత్తుకుని, కాలీడ్చుకుంటూ ఆ ఇంటి పిల్లల వెనకాల బయటికి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది.

"ఎవరండీ ఆవిడ?" అంది నాగదుర్గ.

"ఏమోనండీ. ఎవర్ని చూసి ఎవరనుకుందో."

హుమేరా చీలిక వైపు తిరిగిపోయింది. ఎప్పుడూ ఊరుకోని మనిషి ఊరుకుంది. అదే వెంకటేశ్వరికి చెంపదెబ్బలా తగిలింది.

తర్వాత లకుముకి పిట్ట కనబడిందట. గద్ద కనబడిందట. పిల్లలు ఎగిరి గంతులేశారట. వెంకటేశ్వరికి ఏదీ తెలీదు. ఇప్పుడు లేచి వెళ్తే దొరుకుతుంది, ఇప్పుడు వెళ్తే దొరుకుతుంది అనుకుంటూ బల్లకి అతుక్కుపోయింది. లేచి బయటికి వచ్చేసరికి గట్టు ఖాళీ. గేటు దాటి ఒక తెల్ల కారు ధూళి రేపుకుంటూ పోతోంది. అదో కాదో కూడా తెలీదు.

తిరుగు బస్సులో చిట్టి కాగితం ఒళ్లో పరుచుకుని టిక్కులు లెక్కపెట్టింది. పదిహేడు. కింద ఖాళీ గీత మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

"అదేంటమ్మా రాశావు?"

"పేరు తెలియనిది." చిట్టి వేలు పెట్టి చదివి, తెలుగులో చెప్పింది. "ఒక మామ్మ. పేరు తెలియదు."

"మనుషుల్ని రాయకూడదమ్మా. పిట్టల్నే."

"చూసినదాన్ని వదిలెయ్యకూడదన్నారు కదా." చిట్టి కాగితం మీంచి తలెత్తింది. "ఆ మామ్మకి నీ పేరు తెలుసు కదమ్మా. ఈశ్వరీ అంది. మరి నీకెందుకు తెలీదు?"

పక్కన హుమేరా కిటికీలోంచి బయటికి చూస్తోంది. వింటోందని వీపు చెప్తోంది.

వెంకటేశ్వరి లేచి నిలబడింది. బస్సు ఆపించాలని. వెనక్కి తిప్పించాలని. టీచరు తిరిగి చూసింది. "ఏమైంది మేడం? వాంతొస్తోందా?"

బస్సంతా తన వైపే చూస్తోంది. "ఏం లేదు మిస్," అని కూర్చుంది.

సూరాయమ్మని వదిలెయ్యడం రెండోసారి. పొద్దున్నుంచి చెప్పిన అబద్ధాలు లెక్కేస్తే ఎన్నో.

కూర్చుని, కాగితం మీదికి వంగి, చిట్టి చెవిలో చెప్పింది. "సూరాయమ్మ. ఆ అమ్మమ్మ పేరు సూరాయమ్మ. నాకు తెలుసు. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నేనూ ఆవిడలాగే ఒకరింట్లో పని చేశాను. ఆ సంగతి నీకు తెలిస్తే నీకు నామోషీ అని."

చిట్టికి ఆ మాట పట్టనే లేదు. "అయితే ఆ అమ్మమ్మ కాలికి మందెవరేస్తారు?" అంది.

ఇన్నేళ్లు దాచిన భయం అలా తేలిపోయింది, కూతురు దాన్ని తిరిగి చూడనైనా చూడలేదు. ఇప్పుడు ఆ జాగాలో సిగ్గొకటే మిగిలింది, అది పోయేలా లేదు.

ఇంటికి రాగానే ఊళ్లో తల్లికి ఫోను చేసింది. ఆవిడ పక్కూరికి ఆటోలో వెళ్లి, సూరాయమ్మ కూతురి చేత మాట్లాడించింది. ఆ పిల్ల ముందు మాట్లాడలేకపోయింది, ఏడుపే. "ఉందా అక్కా? అమ్మ ఉందా? ఏజెంటు ఫోనెత్తట్లేదు. అందరూ ఆశ వదులుకోమన్నారు." తర్వాత ప్రశ్నలు. ఎలా ఉంది? చిక్కిందా? ఏ ఇల్లు, ఏ ఊరు? "నీతో ఏం మాట్లాడింది అక్కా? నువ్వేం చెప్పావు?"

"జనంలో... మాట్లాడ్డానికి కుదరలేదమ్మా," అంది వెంకటేశ్వరి. అది కూడా అబద్ధమే.

గంగరాజు తిట్టలేదు. తిడితే బావుండేది. రెండు శుక్రవారాలు, ఒక శనివారం ఆ చెరువుల దాకా తీసుకెళ్లాడు. గేటు దగ్గరి మనిషి మంచివాడే, కానీ రోజూ ఎన్నో కుటుంబాలొస్తాయి, ఏ ఇల్లని చెప్పను అన్నాడు. పాత పెద్దింట్లో అడిగితే మానేసి చాన్నాళ్లయింది, ఎక్కడుందో తెలీదన్నారు. టీచరు ద్వారా కువైటీ ఆవిడని కూడా అడిగించారు. ఆవిడకీ తెలీదట. ఇంకోసారి కనబడితే చెప్తానందట. స్కూలు గేటు దగ్గర ఒక రోజు వెంకటేశ్వరి నాగదుర్గని ఆపి, "నాది తొమ్మిదో తరగతండీ. ఆవిడ నాకు పిన్ని," అని చెప్పేసింది. నాగదుర్గ ఏం మాట్లాడాలో తెలియక బైనాక్యులర్స్ కావాలంటే తీసుకెళ్లండి అంది. చెప్పినందువల్ల సూరాయమ్మ దొరకలేదు.

చిట్టి కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. 'పేరు తెలియదు' కొట్టేసి, పక్కన తెలుగులో, గుణింతం తప్పుతో, సూరాయమ్మ అని రాసుకుంది. టిక్కు మాత్రం ఇంకా పెట్టలేదు. మళ్లీ చూశాక పెడతానంటుంది.

ఇది చదువుతున్నవాళ్లు జహ్రాలో ఉన్నా, మహబూలాలో ఉన్నా, కువైట్‌లో ఏ ఇంటి వంటగదిలో ఉన్నా సరే, ఒక్క పని చేసిపెట్టండి. యాభై దాటిన మనిషి, రాజోలు వైపు యాస, కుడికాలికి గుడ్డ కట్టుకుని కాలీడుస్తుంది, సంచీ కింద పెడితే చప్పుడు రాదు. జమియా సూపర్‌మార్కెట్ దగ్గరో, ఆసుపత్రి వరసలోనో, ఎవరింటి పిల్లల వెనకాలో కనబడితే, సూరాయమ్మగారేనా అని అడగండి. ఆయ్ అంటే ఆవిడే. మీ అమ్మాయికి మీరున్నారని తెలిసింది, ఏడవడం మానేసింది అని ముందు చెప్పండి. కాలికి మందు వేస్తున్నారో లేదో కనుక్కోండి. మంగఫ్‌లో ఈశ్వరి మీ కోసం వెతుకుతోందని, ఆ రోజు పొరపాటు మీది కాదని చెప్పండి.